ఎలుక ముద్ద

సైకిలు సీటు మీది నల్లటి దుమ్మును తీతు పాత బనీను ముక్కతో తుడిచాడు. రాత్రి తుడిచిందే. తెల్లారేసరికి మళ్ళీ కాటుక పొడిలా సన్నగా పరుచుకుంటుంది. సీటు అయ్యాక హ్యాండిలు, హ్యాండిలు అయ్యాక గంట. గంట మూత తుడుస్తూ ఒకసారి మోగిస్తాడు. ఆ మోత విని వంటింట్లో సువార్త టిఫిను డబ్బా మూత బిగిస్తుంది. పెళ్ళయిన కొత్త నుంచీ వాళ్ళింట్లో పొద్దు అట్లాగే మొదలవుతుంది.

ఆ పూట గంట మోగాక కూడా తీతు వంగిన చోటే ఉన్నాడు. ఒక చెయ్యి సీటు మీద, రెండో చెయ్యి రొమ్ము మీద.

"ఏమయ్యా, గట్ల వంగినవేంది?" సువార్త గడపలోకి వచ్చింది.

"ఏం లేదు. రాత్రి తిన్న పప్పు. గ్యాసు."

"నిన్న గూడ గ్యాసే అన్నవు. దవాఖానకు పోరాదు?"

"ఇయ్యాల శనివారం గదా."

"శనివారమైతే దవాఖాన మూస్తరా?"

"కథల గంట ఉన్నది. ఆఫీసరు సాబు వింటందుకు వస్తుండు. సోమవారం పోత, పక్కా."

సువార్త డబ్బాను గుడ్డ సంచిలో పెట్టి హ్యాండిలుకు తగిలించింది. "అన్నం మొత్తం తిను. మూలకు ఓ ముద్ద మిగిల్చి తెచ్చినవనుకో, మల్ల నీకు గాదు, ఆ ఎలుకకే డబ్బా కడ్త."

తీతు నవ్వాడు. ఈ మాట కూడా పెళ్ళయిన కొత్త నుంచీ ఉన్నదే. రోజూ సాయంత్రం ఆమె డబ్బా విప్పడం, మూలన నిమ్మకాయంత ముద్ద చూసి నెత్తి కొట్టుకోవడం, దాన్ని గోడ మీద కాకులకు పెట్టడం. ఆ ముద్ద ఆయన తండ్రి యాకోబు నుంచి వచ్చింది. యాకోబు బొగ్గు బాయిలో టింబరు పని చేసేవాడు. లోపల పైకప్పు కింద కర్ర దుంగలు నిలబెట్టే పని. నేల కింద తిన్నవాళ్ళెవరూ డబ్బా ఊడ్చి తినరు. చివరి ముద్ద ఎలుకలది. కప్పు కూలబోయే సంగతి మనుషుల కంటే ముందు వాటికే తెలుస్తుంది. అవి ఉరికితే మనుషులు ఉరుకుతారు. అందుకని అవి దగ్గరలో మసలాలి.

తీతు మాత్రం బాయిలో పని చెయ్యలేదు. మీసాలు వస్తున్న వయసులో తండ్రి ఒకసారి లోపలికి తీసుకుపోయి చూపించాడు. చీకట్లో ఎక్కడో తల పైన, ఎండుకట్టె విరిగినట్టు టిక్కుమంది. యాకోబు తల ఎత్తకుండానే, "ఏం గాదు. కప్పు మాట్లాడుతంది, అంతే," అన్నాడు. తీతు వెనక్కి తిరిగి వెలుతురులోకి వచ్చేదాకా ఆగలేదు. తండ్రి నౌకరీ తమ్ముడు యేసుకుమార్‌కు పోయింది. తీతు పంతులు ట్రైనింగుకు పోయాడు. గోదావరిఖనిలో బాయి దిగని మగవాడికి ఒక పేరు పెట్టాలి కదా, పగటి మనిషి అని పెట్టారు. షిఫ్టులు లేని మనిషి, రాత్రి ఇంట్లో పడుకునే మనిషి. తీతు ఆ పేరుకు ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. రోజూ సైకిలు తుడుచుకుని, బడికి పోయి, పిల్లల చేత ఎక్కాలు చెప్పించి, సాయంత్రం వచ్చాడు. జుట్టు నెరిసింది. ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చుంటాడు. ఆయన పాట ఎవరికీ వినబడదు.

ఈ మధ్యనే, సమ్మెలు ముగిసి బళ్ళు తెరిచాక, ఆయనకు ఒక సంగతి దొరికింది.

పర్యావరణం పాఠాలను కథల్లో పెట్టి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. శనివారం మధ్యాహ్నం కథల గంట. దాంతోపాటు రంగురంగుల పుస్తకాల కట్ట వచ్చింది. తీతు మొదటి పుస్తకం తీసి చదివాడు. మంచు కరిగిపోయి ఒక తెల్ల ఎలుగుబంటి దిక్కులేనిదవుతుంది. ఆ పేజీ ఆయన రెండుసార్లు చదివాడు. తలెత్తి చూస్తే మూడో తరగతీ నాలుగో తరగతీ ఆవులిస్తున్నాయి. రుత్విక్ అనే పిల్లవాడు చెయ్యెత్తాడు. "సార్, మంచంటే ఫ్రిజ్జుల గీకుతరు, గదేనా?"

తీతు పుస్తకం మూశాడు. కాసేపు కిటికీలోంచి మట్టిగుట్టల వైపు చూశాడు. ఓపెన్‌కాస్టులో తవ్వి పోసిన ఆ గుట్టలు అసలు గుట్టల కంటే ఎత్తు పెరిగాయి. తర్వాత, తనకే తెలియకుండా, "ఒక బాయిల ఒక ముసలెలుక ఉండె," అన్నాడు.

ఆవులింతలు ఆగిపోయాయి.

ఆ కథే నెలల తరబడి పెరిగింది. శనివారం వచ్చిందంటే పిల్లలు బడి మానరు. కథ తర్వాత వినే ఆట. అందరూ బండల మీద పడుకుని, కళ్ళు మూసుకుని, నేలకు చెవి ఆనించాలి. తీతు తండ్రి కర్ర పట్టుకుంటాడు. కొసకు ఇనుప పొన్ను వేసిన కర్ర, బాయిలో కప్పును తట్టి చూసేది. దాన్ని నేలకు మూడుసార్లు కొట్టేదాకా ఎవరూ తల ఎత్తకూడదు. ఎత్తాక ఎవరికి ఏం వినబడిందో చెప్పాలి. ఒకరికి బొగ్గు బెల్టు తిరగడం, ఒకరికి చీమలు, ఒకరికి తమ గుండె. ఒకసారి, బాయిలో పనిచేసే భూపాల్ కూతురు రమ, "నీళ్ళు ఏడుస్తున్నయ్ సార్," అంది. తవ్వి చూస్తే బడి గోడ కింద పైపు పగిలి ఉంది. ఎన్నాళ్ళ నుంచో నీళ్ళు భూమిలోకి పోతున్నాయి. పైపు బాగుచేశాక రెండో అంతస్తు ట్యాంకు ఆ ఏడాది మొదటిసారి నిండింది. ఆ రోజు తీతు ఇంటికి పోయి సువార్తకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు ఆ కథే పోయేట్టుంది. బాయి మాటలు ఇంటికొస్తున్నాయని పిల్లల తండ్రులు లొల్లి పెట్టారు. హెడ్మాస్టరమ్మ శోభ, మంచి మనిషి, ఎటూ చెప్పలేక, "సార్, ఇయ్యాల ఆఫీసరు ముందు చెప్పుండ్రి. ఆయన సరేనంటే నడుస్తది. లేకుంటే పుస్తకంలదే చదువుకుందాం," అంది.

అందుకే తీతు దవాఖానను సోమవారానికి తోశాడు.

*

మెయిన్ రోడ్డు మలుపులో, నైటు షిఫ్టు దిగి వస్తున్న భూపాల్ సైకిలు అడ్డం పెట్టాడు. మొహం కడుక్కున్నాడు కానీ కనురెప్పల అంచుల్లో బొగ్గు అట్లాగే ఉంది.

"జర ఆగు సారూ."

తీతు దిగాడు. ఆగినందుకు రొమ్ములో కొంచెం సుఖమనిపించింది.

"నా బిడ్డ నిన్న నా డబ్బాల ఓ ముద్ద ఎక్కువ పెట్టింది. ఎందుకే అంటే, ఎలుకకు నానా అన్నది. మంచిదే. ఆన్నే ఆగిందా? నేను చెప్పులు తొడుగుతుంటే కాళ్ళు పట్టుకొని, నానా, కప్పు మాట్లాడితే ఉరికిరా అన్నది." భూపాల్ గొంతు తగ్గింది. "డ్యూటీకి పోయేటోని ముందట ఆ మాట ఎవలన్న అంటరా సారూ? నా పెండ్లాం పొయ్యికాడ కూలబడి ఏడ్పు. రాత్రంత లోపట నాకు చెవులల్ల అదే. మీదికి జూసుడే అయింది, పని గాలే."

"ముద్ద నువ్వు రోజు పెడ్తవా లేదా, భూపాల్?"

భూపాల్ తల పక్కకు తిప్పుకున్నాడు. "పెడ్త. ఎందుకు పెట్ట? మా అయ్య పెట్టిండు, నేను పెడ్త. పెడ్తం గని చెప్పం గద సారూ. ఇంట్ల చెప్పే మాటనా అది?"

"చెప్పకుంటే పిల్లలకెట్ల తెలుస్తది?"

"తెల్వకుంటేనే మంచిగుంటది. నీకేమెరుక, పగటి మనిషివి." అని, అన్నందుకు తనే కొంచెం సిగ్గుపడ్డట్టు సైకిలు తిప్పుకున్నాడు. "ఇయ్యాల పిల్లను తీస్కపోతందుకు వస్త. అప్పటికి గూడ గదే కథ నడిస్తే, ఆఫీసరు ముందటనే అడుగుత. నారాజు గావద్దు."

"రా," అన్నాడు తీతు. "నువ్వు గూడ విను."

భూపాల్ పోయాక కూడా ఆయన పెడల్ మీద కాలు పెట్టలేదు. మిగిలిన దారంతా సైకిలును నడిపించుకుంటూ పోయాడు.

*

మధ్యాహ్నం అన్నాల వేళ తీతు ఎప్పటిలా కానుగ చెట్టు కింద కూర్చుని, డబ్బా ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. శోభ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటు వచ్చేసరికి మూత బిగిస్తున్నాడు.

"అప్పుడే అయిందా సార్?"

"అయింది మేడం."

"చెమటలు పడుతున్నయ్ మీకు. చలికాలంల చెమటలేంది?"

"టెన్షను," అని నవ్వాడు. "ఆఫీసరు గదా."

"ఆయన వేరే బడిల ఆగిండట. జర లేటైతది. మీరైతే మొదలువెట్టుండ్రి. ఆయన వచ్చేసరికి పిల్లలు మాత్రం లొల్లి చేయొద్దు సార్. సప్పుడు వినబడొద్దు, మీకు దండం పెడ్త."

"సప్పుడే ఉండది మేడం," అన్నాడు తీతు.

గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ నిలబడి చెప్పే మనిషి కూర్చోవడం చూసి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రమ ముందు వరసలో, టేబులుకు దగ్గరగా, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఒక బాయిల..." అన్నాడు.

"ఒక ముసలెలుక ఉండె!" అన్నారు పిల్లలంతా.

"ఆ ఎలుక దగ్గరికి మనుషులు వచ్చిండ్రు. నల్లబంగారం కావాలె అన్నరు. ఎలుక ఏమన్నది?"

"తీస్కోండ్రి అన్నది!"

"తీస్కోండ్రి గని, రెండు షరతులు. ఒకటి, నా ముద్ద నాకు ఉంచాలె. రెండు, గీ బొగ్గు స్తంభాలు ముట్టొద్దు. అవి మీ కోసం గాదు, మీద ఉన్న ఊరి కోసం. సరేనన్నరు. తీస్కున్నరు, ఉంచిండ్రు. తీస్కున్నరు, ఉంచిండ్రు. మస్తు దినాలు మంచిగ నడిచింది. గంతల ఒకాయన వచ్చిండు. ఎవరాయన?"

"పెద్దచేతులాయన!" రుత్విక్ రెండు చేతులూ బారజాపి పక్కవాడి ముక్కుకు తగిలించాడు. నవ్వులు లేచాయి. తీతు కూడా నవ్వాడు. నవ్వితే ఎడమ భుజంలోంచి ఏదో పట్టి లాగింది.

"పెద్దచేతులాయన ముద్దను చూసిండు. గింత అన్నం దండుగనా అని తనే తిన్నడు. స్తంభాన్ని చూసిండు. జరంతనే గదా అని గోకిండు. తెల్లారి ఇంకో జరంత. ఎలుకకు ఆకలైంది. తట్టాబుట్టా సర్దుకొని ఎల్లిపోయింది. ఇప్పుడు కప్పు మాట్లాడుతుంటది. వినేటోళ్ళు లేరు."

కథ ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది. తర్వాత ఏం జరగాలో పిల్లలే చెప్పాలి. ఎలుకను ఎవరు పిలుచుకురావాలి, ఏం వదిలిపెడితే వస్తుంది అని. పోయినవారం రుత్విక్, స్నానం రెండు చెంబులు తగ్గించుకుంటానన్నాడు. అది చలికాలమని అందరూ నవ్వారు.

రమ చెయ్యెత్తింది. "సార్, గోదారిల ఇసుక లారీలల్ల ఎత్తుకపోతుండ్రు. గోదారికి గూడ స్తంభాలుంటయా?"

తీతు ఆ పిల్లవైపు చూశాడు. ఇన్నేళ్ళు ఎక్కాలు చెప్పించి, ఇన్నేళ్ళు హాజరు పిలిచి, ఎప్పుడో ఒకనాడు ఒక పిల్ల ఇట్లా అడుగుతుందని ఆయన ఎదురుచూడను కూడా లేదు. ఈ మాట ఆఫీసరు వచ్చాక అడిగితే బాగుండేది అనుకున్నాడు. భూపాల్ ఉండగా అడిగితే ఇంకా బాగుండేది. అప్పుడు ఈ కథను ఎవరూ తీసెయ్యరు.

"ఉంటయ్ బిడ్డా," అన్నాడు. "దాన్ని... ఆఫీసరు సాబు వచ్చినంక మల్ల అడుగు. మర్చిపోవద్దు."

దూరంగా ఓపెన్‌కాస్టు సైరను మోగింది. బ్లాస్టింగు వేళ.

"వినుండ్రి," అన్నాడు. "చెవి నేలకు. మందు పేలింది నేలకు ముందు తెలుస్తది, మనకు తర్వాత. ఎవలికి ముందు తెలుస్తదో చూద్దాం. మూడు కొట్టేదాక..."

"లేవొద్దు!"

పిల్లలు బండల మీద వాలిపోయారు. కళ్ళు మూతలు పడ్డాయి. తీతు కర్రను నేలకు ఆనించి పట్టుకుని, ఎప్పటిలాగే తను కూడా టేబులు మీద చెంప ఆనించాడు. చల్లగా ఉంది. చెక్కలో ఎక్కడో చాలా లోతుగా ఒక కదలిక బయల్దేరింది. నేల కింద నుంచి వచ్చిందో, తనలో నుంచి వచ్చిందో తేలలేదు. ఎండుకట్టె విరిగినట్టు, టిక్కుమని. తండ్రి తల ఎత్తకుండానే ఏదో అన్నాడు.

ఆ తర్వాత కిటికీ రెక్కలు గలగలమన్నాయి. అవి ఆగాక కర్ర చేతిలోంచి జారి, ఇనుప పొన్ను బండకు తగిలి, ఠంగుమంది.

ఒకటి, అనుకున్నారు పిల్లలు. మిగిలిన రెండింటి కోసం చెవులు రిక్కించి పడుకున్నారు.

*

ఆఫీసరు జీపు వచ్చేసరికి గేటు దగ్గర భూపాల్ నిలబడి ఉన్నాడు. శోభ ఇద్దరినీ వరండాలోకి తీసుకువచ్చింది. మిగతా గదుల్లో పిల్లల కేకలు. చివరి గదిలో మాత్రం చిటుక్కుమన్న శబ్దం లేదు.

ఆఫీసరు గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. నేలంతా పిల్లలు, కళ్ళు మూసుకుని, చెవులు బండకు ఆనించి. కదిలేవాడు లేడు. సారు కూడా వాళ్ళతో పాటే, టేబులు మీద చెంప పెట్టుకుని.

"ఎంత క్రమశిక్షణ మేడం," అని గుసగుసగా అన్నాడు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంత సైలెంటు క్లాసు చూడలేదు. డిస్టర్బ్ చెయ్యొద్దు, చూద్దాం."

శోభ ముఖం విప్పారింది. ముగ్గురూ అట్లాగే నిలబడి చూశారు. కథ నిలబడింది అనుకుంది శోభ. భూపాల్ కూడా, అడగాలనుకున్నది మరిచిపోయి, నేల మీద తన కూతురి మొహం చూస్తున్నాడు. ఆ పిల్ల అంత నెమ్మదిగా ఉండటం ఆయన నిద్రలో తప్ప చూడలేదు.

ఒక ఈగ వచ్చి తీతు కనురెప్ప మీద వాలింది. వాలి, అక్కడే ఉంది.

శోభ రెండడుగులు లోపలికి వేసింది. "సార్," అంది. టేబులు అంచు పట్టుకుంది. వెనకనుంచి భూపాల్ పిల్లల మధ్యగా అడుగులు వేసుకుంటూ వచ్చి, తీతు భుజాలు పట్టి కుర్చీ వెనక్కి ఆనించి, వంగి, రొమ్ముకు చెవి పెట్టాడు. బాయిలో కప్పు కింద నిలబడి వినే మనిషి వినే తీరుగా, ఊపిరి బిగబట్టి, చాలాసేపు విన్నాడు. తల ఎత్తాడు.

"సప్పుడు లేదు మేడం," అన్నాడు.

శోభ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు చూడకూడదు. "లేవండమ్మా," అంది ఎట్లాగో. "అందరు బయటికి పోండ్రి."

ఎవరూ లేవలేదు. నేల మీదినుంచి, కళ్ళు విప్పకుండానే రమ మెల్లగా అంది: "ఇంకా రెండున్నయ్ మేడం. సార్ ఒక్కటే కొట్టిండు."

శోభ కిందికి చూసింది. కర్ర టేబులు కాళ్ళ దగ్గర పడి ఉంది. వంగి తీసుకుంది. దాన్ని నిలబెట్టడానికి ఆమెకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఒకసారి కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

పిల్లలు కళ్ళు నులుముకుంటూ లేచారు. "నాకు ముందు తెలిసింది సార్, నాకు!" అని అరుస్తూ రుత్విక్ టేబులు దాకా వచ్చి ఆగిపోయాడు.

*

సాయంత్రం ఆ సైకిలును ఇంటికి తెచ్చింది భూపాల్. ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. రమ వెనక చక్రం పక్కన నడిచింది. ఏడవలేదు. మెయిన్ రోడ్డు మలుపులో, పొద్దున భూపాల్ సైకిలు అడ్డం పెట్టిన చోట, ఆగిపోయింది.

"నానా, నాకు వినబడ్డది."

"ఏంది బిడ్డా?"

"టేబులు కాలు నా చెవి పక్కనే ఉండె. సార్ ఊపిరి వినబడుతుండె. ఆగింది గూడ తెలిసింది. కప్పు మాట్లాడితే ఉరకాలె అన్నడు సార్. నేను ఉరకలే. మూడు కొట్టలే గదా అని పండుకొనే ఉన్న."

భూపాల్ సైకిలును గట్టిగా పట్టుకున్నాడు. ఇంట్లో అనకూడని మాట ఇంత వెలుతురులో, రోడ్డు మీద, బొగ్గు లారీల నడుమ, ఆ పిల్ల నోట మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన కోప్పడలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. "అది కప్పు గాదు బిడ్డా," అన్నాడు. "అది... కప్పు గాదు." చెయ్యి చాపి ఆ పిల్ల చెవి మీద అరచెయ్యి మూశాడు.

తీతు ఇంటి ముందు చర్చి వాళ్ళు చేరారు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన యేసుకుమార్ అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల పాటలు మొదలయ్యాయి. భూపాల్ సైకిలును రోజూ ఉండే చోట గోడకు ఆనించబోతుంటే చెయ్యి తగిలి గంట మోగింది.

లోపల ఎవరి చేతుల్లోనో ఉన్న సువార్త, ఆ చేతులు విడిపించుకుని బయటికి వచ్చింది. మొహంలో ఏడుపు లేదు, ఏమీ లేదు. సైకిలును చూసింది. సీటు మీద అప్పుడే సన్నగా నల్లటి దుమ్ము. హ్యాండిలుకు గుడ్డ సంచి. ఎవరు పిలుస్తున్నా వినకుండా సంచి తీసుకుని నల్లా దగ్గరికి పోయింది. ఈ వేళకు ఆమె డబ్బా కడుగుతుంది. అది తప్ప ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియని మనిషిలా అక్కడ కూర్చుని, మూత విప్పింది.

నల్లా తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది.

డబ్బా నిండా అన్నం, పొద్దున తను అదిమి పెట్టింది పెట్టినట్టే ఉంది, మీద పప్పు ఎండి పొర కట్టి; ఒక్క మూలన మాత్రం, రోజూ ముద్ద మిగిలే చోట, నిమ్మకాయంత మేర, ఖాళీగా ఉంది.